సర్కారు సాయంతో నడుస్తున్న కంపెనీ కారు కొనాలంటే: 2009 డెట్రాయిట్ నేర్పిన లెక్కలతో సమగ్ర మార్గదర్శి

2008 డిసెంబర్ 19న అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ జనరల్ మోటార్స్ (జీఎం)‌కు 13.4 బిలియన్ డాలర్లు, క్రైస్లర్‌కు 4 బిలియన్ డాలర్లు అప్పుగా ఇస్తున్నట్టు ప్రకటించారు. ఆరు నెలలు తిరక్కుండానే రెండు కంపెనీలూ దివాలా కోర్టు మెట్లెక్కాయి. ఆ మధ్యకాలంలో కార్లు కొన్నవాళ్లలో కొందరు నిజంగానే మంచి బేరం కొట్టారు. కొందరు మూడేళ్ల తర్వాత అమ్మబోతే అడిగే నాథుడు లేక తలపట్టుకున్నారు. రెండు రకాల వాళ్లకీ డీలర్ ఇచ్చిన తగ్గింపు దాదాపు ఒకటే. తేడా అంతా కొనేముందు వేసుకున్న లెక్కలో ఉంది.

అమెరికా కార్ల పరిశ్రమకు కేంద్రమైన డెట్రాయిట్ చుట్టుపక్కల ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్, కాంటన్ లాంటి ఊళ్లలో ఉండే తెలుగు కుటుంబాలకు ఇది రెండు వైపులా తగిలిన దెబ్బ. ఉద్యోగం ఆ కంపెనీల్లోనో, వాటికి పనిచేసే కాంట్రాక్టు సంస్థల్లోనో. చవగ్గా కారు దొరికేదీ ఆ కంపెనీల ఉద్యోగుల తగ్గింపు ధరలోనే. అందుకే ఈ మార్గదర్శికి ఆ కాలాన్నే ఉదాహరణగా తీసుకున్నాను. రేపు ఏ దేశంలో ఏ కంపెనీని సర్కారు ఆదుకున్నా, అడగాల్సిన ప్రశ్నలు పెద్దగా మారవు.

మొదటి మెట్టు: కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారో తేల్చుకోండి

షోరూముకు వెళ్లకముందే తేలాల్సిన విషయం ఇది. కష్టాల్లో ఉన్న కంపెనీ కారుకు ధర తగ్గేది ఊరికే కాదు. అమ్మేటప్పుడు రాబోయే నష్టాన్ని కంపెనీ ముందే కొంత మన చేతిలో పెడుతోందన్నమాట. ఆ ఇచ్చింది సరిపోతుందా అన్నది మనం ఎప్పుడు అమ్ముతామన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఊహకు ఒక లెక్క వేద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. స్టిక్కర్ ధర 24,000 డాలర్లున్న కారు 5,000 తగ్గింపుతో 19,000కి వస్తోంది. పక్కనే జపాన్ కంపెనీ కారు 22,000, తగ్గింపు లేదు. మూడేళ్లకు మొదటిది 8,000కి, రెండోది 12,500కి అమ్ముడుపోతే, మొదటిదాని మీద నష్టం 11,000, రెండోదాని మీద 9,500. చవగ్గా కొన్నదే ఖరీదైంది. అదే పదేళ్లు నడిపితే రెండూ దాదాపు పాత ఇనుము ధరకు దగ్గరపడతాయి కాబట్టి, మొదట మిగిలిన 3,000లో చాలావరకు మనదే.

మనవాళ్లు అమెరికా రాగానే జపాన్ కార్లైన క్యామ్రీ, అకార్డ్ తప్ప ఇంకోటి చూడరని వెక్కిరింపు ఒకటుంది. వీసా మీద ఉన్నవాళ్ల విషయంలో ఆ అలవాటు వెనక గట్టి కారణమే ఉంది. ఉద్యోగం పోతే కారును వారాల్లో అమ్ముకోవాలి. 2009లో హెచ్‌1బీ వాళ్లకు ఇప్పుడున్న 60 రోజుల గడువు కూడా లేదు. ఆ నిబంధన 2017 జనవరిలో వచ్చింది. కాబట్టి మీ ఉండుబాటు మీద నమ్మకం లేకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా ఈ బేరం వద్దనే నా సలహా. ఏడెనిమిదేళ్లు, అంతకు మించి ఉంచుకునేవాళ్లు ముందుకు చదవండి.

రెండో మెట్టు: కంపెనీ సంగతి పక్కనపెట్టి బ్రాండ్ సంగతి చూడండి

అందరూ ‘కంపెనీ బతుకుతుందా’ అనే అడుగుతారు. సర్కారు అంత డబ్బు పెట్టాక కంపెనీ ఏదో ఒక రూపంలో బతుకుతుంది. మీరు కొనే బ్రాండ్, ఆ మోడల్ బతుకుతాయా అన్నదే అసలు ప్రశ్న.

సర్కారు సాయం తీసుకున్న కంపెనీ పునర్‌వ్యవస్థీకరణ ప్రణాళిక సమర్పించాలి. జీఎం, క్రైస్లర్ 2009 ఫిబ్రవరి 17న తమవి ఇచ్చాయి. మార్చి 30న అధ్యక్షుడు ఒబామా అవి చాలవని తేల్చి, జీఎంకు 60 రోజులు, క్రైస్లర్‌కు 30 రోజులు గడువిచ్చారు. జీఎం అధిపతి రిక్ వాగనర్ తప్పుకోవాల్సి వచ్చింది. కొనుగోలుదారుకు ఇలాంటి ప్రణాళికను మించిన సమాచారం లేదు. ఏ బ్రాండ్ ఉంటుందో, ఏది అమ్మకానికి పెడతారో, ఏది మూసేస్తారో అందులోనో, దాని మీద వచ్చిన వార్తల్లోనో దొరుకుతుంది. తన బ్రాండ్లలో ఒకటైన పోంటియాక్‌ను మూసేస్తామని జీఎం ఏప్రిల్ 27న చెప్పేసింది. చివరికి అమెరికాలో షెవ్రొలె, క్యాడిలాక్, బ్యూయిక్, జీఎంసీ మాత్రమే మిగిలాయి.

‘అమ్మేస్తాం’ అన్న బ్రాండ్ విషయంలో ఇంకా జాగ్రత్త. జీఎం అమ్మకానికి పెట్టిన శాటర్న్, హమ్మర్, సాబ్ బ్రాండ్లనే చూడండి. శాటర్న్‌ను పెన్స్‌కీ సంస్థ కొంటుందని అందరూ నమ్మారు. 2009 సెప్టెంబర్ 30న ఆ ఒప్పందం పోయింది, శాటర్న్ కథ ముగిసింది. హమ్మర్‌ను కొనాల్సిన చైనా కంపెనీతో బేరం 2010 ఫిబ్రవరిలో చెడింది. సాబ్‌ను స్పైకర్ అనే కంపెనీ కొంది, కానీ 2011 డిసెంబర్‌లో సాబ్ స్వీడన్‌లో దివాలా తీసింది. అమ్మకం ఒప్పందం మీద సంతకాలు పడేదాకా ఆ బ్రాండ్‌ను మూతపడేదిగానే లెక్కేసుకుని బేరమాడండి.

అయితే మూతపడే బ్రాండ్ కారు ఎప్పుడూ చెడ్డ బేరమేనా? కాదు. చూడాల్సింది బానెట్ కింద ఏముందన్నది. పోంటియాక్ వైబ్‌ను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జీఎం, టొయోటా ఉమ్మడి ఫ్యాక్టరీలో తయారుచేసేవారు. టొయోటా మ్యాట్రిక్స్‌కు అది కవల. ఇంజిన్, గేర్‌బాక్స్ టొయోటావే. పేరు పోయినా విడిభాగాలకు లోటు లేదు. కొనేవాళ్లు ఆ పేరు చూసి ధర తగ్గించి అడిగే రోజుల్లో నిబ్బరంగా కొన్నవాళ్లే తెలివైనవాళ్లు. దీనికి ఎదురు ఉదాహరణ శాటర్న్ ఆస్ట్రా. బెల్జియంలోని ఆంట్‌వర్ప్ నుంచి దిగుమతైన ఓపెల్ (అప్పటి జీఎం యూరప్ బ్రాండ్) కారు అది, అమెరికాలో అమ్ముడైనవీ తక్కువే. అలాంటి కారుకు నూనె మార్పించడం ఎక్కడైనా అవుతుంది. ముందు బంపరు విరిగితేనో, హెడ్‌లైట్ పగిలితేనో మాత్రం వెతుకులాట తప్పదు.

ఈ మెట్టు దగ్గర మెకానిక్‌ను అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఈ ఇంజిన్, గేర్‌బాక్స్ ఇంకే కారులో వస్తున్నాయి? అద్దాలు, లైట్లు, తలుపులు, బంపర్లు ఈ మోడల్‌కే ప్రత్యేకమా? మొదటిదానికి నాలుగైదు పేర్లు వినిపించి, రెండోదానికి ‘కాదు’ అన్న జవాబు వస్తే బ్రాండ్ పోయినా భయం లేదు.

మూడో మెట్టు: వారంటీ కాగితం మీద ఎవరి పేరుందో చూడండి

2009 మార్చి 30న ఒబామా చేసిన ప్రకటనలో కొనుగోలుదారులకు నేరుగా పనికొచ్చే మాట ఒకటుంది. జీఎం, క్రైస్లర్ కార్ల వారంటీకి ఇకపై అమెరికా సర్కారు పూచీ అన్నారు. ఆ పథకం పనిచేసే తీరు తెలుసుకుంటే రేపు ఇంకెక్కడైనా ఇలాంటి హామీ వచ్చినప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. పునర్‌వ్యవస్థీకరణ జరుగుతున్న కాలంలో కొన్న కొత్త కార్లకు రాబోయే వారంటీ ఖర్చును అంచనా వేసి, దానికి 125 శాతం సొమ్మును విడిగా పక్కన పెట్టాలి. అందులో 15 శాతం కంపెనీది, 110 శాతం సర్కారుది. అమెరికా ఆర్థిక శాఖ (ట్రెజరీ) ఇందుకోసం దాదాపు 640 మిలియన్ డాలర్లు ఇచ్చింది. రెండు కంపెనీలూ దివాలా నుంచి బయటపడ్డాక ఆ డబ్బు వెనక్కి వచ్చేసింది.

గమనించారా? హామీ కొత్త కార్లకు, అదీ ఆ కాలంలో కొన్నవాటికి. నాయకుడి మాట విని మురిసిపోకుండా మూడు విషయాలు రాతపూర్వకంగా చూసుకోవాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ మధ్య కొన్న కార్లకు హామీ వర్తిస్తుంది? డబ్బు నిజంగా విడిగా పెట్టారా, మాటేనా? ఆ బ్రాండ్ డీలర్ మూసేస్తే వేరే ఎవరి దగ్గర రిపేరు చేయించుకోవచ్చు? పోంటియాక్, శాటర్న్ యజమానులకు మిగతా జీఎం డీలర్ల దగ్గర వారంటీ పనులు జరిగాయి కాబట్టి గండం గడిచింది.

సాబ్ వాళ్లకు అంత సుఖం లేదు. 2011లో దివాలా వచ్చినప్పుడు, జీఎం చేతిలో ఉన్నప్పుడు అమ్ముడైన సాబ్‌లకు జీఎం వారంటీ కొనసాగింది. చేతులు మారాక కొన్నవాళ్లు ఇరుక్కున్నారు. ఒకే మోడల్, ఒకే షోరూము, కొన్న తేదీలో తేడా, అంతే.

క్రైస్లర్ 2007లో ఇంజిన్, గేర్‌బాక్స్‌లకు జీవితకాల వారంటీ మొదలుపెట్టింది. ‘జీవితకాలం’ అంటే మొదటి యజమాని దగ్గర ఉన్నంతకాలమే. ఐదేళ్లకోసారి డీలర్ దగ్గర తనిఖీ చేయించకపోతే అదీ పోతుంది. అమ్మేటప్పుడు కొనేవాడికి దక్కదు కాబట్టి రీసేల్ ధరలో దానికి విలువ సున్నా. 2009 ఆగస్టులో, దివాలా నుంచి బయటపడ్డ కొత్త క్రైస్లర్ దాన్ని ఆపేసి 5 ఏళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ తెచ్చింది. కష్టాల్లో ఉన్న కంపెనీ ఎంత పెద్ద వారంటీ ఇస్తే అంత చిన్న అక్షరాలు చదవాలి.

బయటి సంస్థలు ఫోన్ చేసి అమ్మే ‘పొడిగించిన వారంటీ’ జోలికి మాత్రం పోవద్దు. జనం టెన్షన్ పడే కాలంలోనే వాళ్ల వ్యాపారం జోరుగా సాగుతుంది. అప్పట్లో టీవీ ప్రకటనలతో ఊదరగొట్టిన యూఎస్ ఫిడెలిస్ అనే సంస్థ 2010లో తానే దివాలా తీసింది. మీ కారు కంపెనీ బతికి, వారంటీ అమ్మినవాడు పోవడం కూడా జరుగుతుందన్నమాట.

నాలుగో మెట్టు: డీలర్ ఎన్నాళ్లుంటాడు?

2009 మే 14న క్రైస్లర్ 789 మంది డీలర్ల ఒప్పందాలు రద్దు చేస్తున్నట్టు కోర్టుకు చెప్పింది. జూన్ 9 వరకే గడువు. మర్నాడు జీఎం సుమారు 1,100 మందికి ఒప్పందాలు పొడిగించబోమని ఉత్తరాలు పంపింది. ఊళ్లో ఒకే డీలర్ ఉన్నచోట అతని పేరు ఆ జాబితాలో ఉంటే, వారంటీ పని కోసం పక్క జిల్లాకు పోవాలి.

కొనేముందు మీ ఇంటి నుంచి అరగంట దూరంలో ఆ కంపెనీ సర్వీసు సెంటర్లు ఎన్నున్నాయో చూడండి. ఒక్కటే ఉంటే అది మూతపడిందనే అనుకుని నిర్ణయం తీసుకోండి.

డీలర్ దగ్గర డబ్బు ఇరుక్కునే దారులు మూడు. అడ్వాన్సు: బండి సిద్ధంగా ఎదురుగా లేనప్పుడు పెద్ద మొత్తం కట్టకండి. కంపెనీ, డీలర్ వేర్వేరు సంస్థలు. కంపెనీకి సర్కారు ఇచ్చిన సాయం డీలర్‌కు కట్టిన అడ్వాన్సును కాపాడదు. రెండోది, మీ పాత కారు. దాని మీద అప్పు మిగిలి ఉండి, ‘ఆ అప్పు మేం తీర్చేస్తాం’ అని డీలర్ తీసుకున్నాక తీర్చకుండా షట్టర్ దించేస్తే, వాయిదాలు కట్టాల్సింది మీరే. 2008లో మూతపడ్డ షోరూముల దగ్గర ఇలా చిక్కుకున్నవాళ్లున్నారు. పాత కారును విడిగా అమ్మి, అప్పు మీ చేతులతోనే కట్టేయడం మంచిది. మూడోది టైటిల్ కాగితం, అంటే బండి మీదేనని చెప్పే పత్రం. కొత్త బండి టైటిల్, రిజిస్ట్రేషన్ మీ పేరిట వచ్చిందో లేదో పది రోజులకోసారి అడుగుతూనే ఉండండి, మొహమాటం వద్దు.

ఐదో మెట్టు: ఎప్పుడు కొనాలి

బేరాలు ఎప్పుడు బాగుంటాయంటే కంపెనీ మూసే ప్రకటన చేసిన తర్వాత, సరుకు ఇంకా గోదాముల్లో ఉన్న కొద్దికాలం. క్రైస్లర్ తొలగించిన డీలర్ల దగ్గర అప్పుడు 40 వేలకు పైగా బండ్లున్నాయి. జూన్ 9లోపు వాటిని వదిలించుకోవాలి. ఆ మూడున్నర వారాల్లో బేరమాడే బలం కొనేవాడి చేతిలో ఉంది.

‘ఇంకా ఆగుదాం, ఇంకా తగ్గుతుంది’ అనుకున్నవాళ్లను ఫ్యాక్టరీలు దెబ్బతీశాయి. అమ్మకాలు పడిపోతే కంపెనీ ముందుగా ఆపేది తయారీ. 2009 వేసవిలో జీఎం 13 ఫ్యాక్టరీలను వారాల తరబడి ఆపింది. దివాలా సమయంలో క్రైస్లర్ ఫ్యాక్టరీలూ ఆగాయి. ఆగస్టుకల్లా మీకు కావాల్సిన రంగు, ఇంజిన్ ఉన్న బండి దొరకడమే కష్టమైంది, తగ్గింపు సంగతి తర్వాత. ఏడాది చివర్లో మరో చిన్న తలుపు తెరుచుకుంది. మిగిలిపోయిన పోంటియాక్, శాటర్న్ బండ్లను డీలర్లు తమ అద్దె, సర్వీసు వాహనాలుగా రాసుకుంటే ఒక్కోదానికి జీఎం 7,000 డాలర్లు ఇస్తానంది. అలా రాసుకున్నవి కాగితం మీద సెకండ్‌హ్యాండ్, నడిచింది పదుల మైళ్లే. వారంటీ గడియారం ఎప్పుడు మొదలైందో చూసుకుని కొన్నవాళ్లకు లాభమే.

నా దృష్టిలో ఇలాంటి కాలంలో అన్నిటికన్నా మంచి కొనుగోలు కొత్తది కాదు. బతికే బ్రాండ్‌లో ఏడాది, రెండేళ్ల పాత కారు. వార్తల భయానికి పడిపోయిన ధర మొత్తం మొదటి యజమాని నెత్తిన పడింది, కంపెనీ వారంటీ ఇంకా మిగిలే ఉంది. 2009లో రెండేళ్ల పాత షెవ్రొలె మాలిబూనో, బ్యూయిక్‌నో కొన్నవాళ్లు ఈ కోవలోకి వస్తారు. సర్కారు హామీ పాత కార్లకు లేదు కదా అంటారా, మిగిలిన ఫ్యాక్టరీ వారంటీని దివాలా నుంచి బయటికొచ్చిన కొత్త జీఎం తీసుకుంది.

ఆరో మెట్టు: అప్పు, తగ్గింపు, సర్కారు పథకాలు

అప్పు సంగతి ముందు. సర్కారు సాయం (బెయిలౌట్) ఒక్కోసారి కార్ల కంపెనీకే కాదు, దాని ఫైనాన్స్ విభాగానికీ వస్తుంది. జీఎం కార్లకు అప్పులిచ్చే జీమ్యాక్ 2008 అక్టోబర్‌లో క్రెడిట్ స్కోరు 700 దాటినవాళ్లకే అప్పు అంది. డిసెంబర్‌లో సర్కారు 5 బిలియన్ డాలర్లు పెట్టగానే దాన్ని 621కి దించింది, సున్నా వడ్డీ ఆఫర్లూ మొదలయ్యాయి. సున్నా వడ్డీ అనగానే సంతకం పెట్టకండి. చాలాసార్లు సున్నా వడ్డీ లేదా నగదు రిబేటు, రెండిట్లో ఒకటే ఇస్తారు. మీ క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార బ్యాంకు) నుంచి ముందే ఒక అప్పు మంజూరు కాగితం తెచ్చుకుని, రిబేటు తీసుకుని అక్కడ అప్పు చేస్తే మొత్తం ఎంతవుతుందో పోల్చండి. డౌన్ పేమెంట్ తక్కువైతే గ్యాప్ ఇన్సూరెన్స్ తీసుకోండి. విలువ వేగంగా పడిపోయే కారుకు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఇచ్చేదానికన్నా మిగిలిన అప్పే ఎక్కువుంటుంది.

ఉద్యోగం పోతే వాయిదాలు మేం కడతామన్న ఆఫర్లు ఆ ఏడాది మొదలయ్యాయి. మొదట హ్యుందాయ్, 2009 జనవరిలో, ఏడాదిలోపు ఆదాయం పోతే కారు వెనక్కిచ్చేయమంది. ఫోర్డ్ నెలకు 700 డాలర్ల దాకా 12 నెలలు, జీఎం నెలకు 500 దాకా 9 నెలలు కడతామన్నాయి. ఇలాంటివి ఉద్యోగుల తగ్గింపు కన్నా విలువైనవి కావచ్చు. కాంట్రాక్టు ఉద్యోగం ముగియడాన్ని ‘ఉద్యోగం పోవడం’గా లెక్కిస్తారా లేదా అన్నది మాత్రం షరతుల్లో వెతికి చూసుకోవాలి. మనవాళ్లలో చాలామందికి పీట ముడి పడేది అక్కడే.

కంపెనీకి సాయం వచ్చినప్పుడు కొనుగోలుదారుకూ విడిగా ఏదో ఒక పథకం వచ్చే అవకాశం ఉంది. 2009 జూలై, ఆగస్టుల్లో పాత బండి ఇస్తే 3,500 లేదా 4,500 డాలర్లిచ్చే పథకం నడిచింది. పాత బండి గ్యాలన్‌కు 18 మైళ్లు మించి ఇవ్వకూడదు, ఏడాదిగా మీ పేరిట రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండాలి, కొత్తది 45,000 డాలర్లు దాటకూడదు. మొదట పెట్టిన 1 బిలియన్ కొన్ని రోజుల్లోనే అయిపోయి, ఇంకో 2 బిలియన్లు కలపాల్సొచ్చింది. ఆగస్టు 24తో మూసేశారు. తమాషా ఏంటంటే డెట్రాయిట్‌ను నిలబెట్టే ఏడాదిలో వచ్చిన ఆ పథకంలో జనం ఎక్కువగా కొన్న కారు టొయోటా కొరోలా. సాయం పొందిన కంపెనీ కారే కొనాలన్న నియమం లేదు, మీరూ పెట్టుకోనక్కర్లేదు. ఫోర్డ్ ఆ బెయిలౌట్ సొమ్ము తీసుకోలేదు. 2006లోనే ఆస్తుల్లో చాలావరకు తాకట్టు పెట్టి భారీగా అప్పు తెచ్చుకుని ఉండటంతో గట్టెక్కింది. డెట్రాయిట్ కారే కావాలి, దివాలా టెన్షన్ వద్దు అనుకున్నవాళ్లు అప్పట్లో అటు వెళ్లారు.

సర్కారు ఆదుకోకపోతే

హైదరాబాద్, విజయవాడ పాఠకులకు ఈ భాగం. మన దగ్గర షెవ్రొలె 2017 చివరికి అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబర్‌లో తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. అవి దివాలా కాదు, బెయిలౌటూ కాదు. మాతృసంస్థ బతికే ఉంది కాబట్టి వారంటీ, విడిభాగాలు ఇస్తామని మాటిచ్చాయి. 2024 జూన్‌లో అమెరికాలో ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ దివాలా తీసినప్పుడు వెనక ఎవరూ లేరు. ఆఖర్లో ధరలు భారీగా తగ్గించి అమ్మిన కార్లవి. సాఫ్ట్‌వేర్ మీద నడిచే బండికి ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చే సంస్థే పోతే ఏమిటన్నది యజమానులు తామే సంఘం పెట్టుకుని చూసుకోవాల్సి వచ్చింది. సర్కారో, పెద్ద మాతృసంస్థో వెనక లేని కంపెనీ కారు సగం ధరకు వచ్చినా వదిలేయండి.

ఆఖరి మెట్టు: కొన్నాక చేయాల్సింది

జీఎం 2009 జూన్ 1న దివాలాకు వెళ్లి, జూలై 10న కొత్త సంస్థగా బయటికొచ్చింది. మంచి ఆస్తులు కొత్త జీఎంకు, పాత బకాయిలు పాత సంస్థకు. వారంటీలు, రీకాల్ (లోపమున్న కార్లను వెనక్కి పిలిచి బాగుచేయడం) బాధ్యతలు కొత్త సంస్థకు వెళ్లాయి. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాల దావాలు మాత్రం పాత సంస్థ దగ్గరే ఉండిపోయాయి, అక్కడ చేతికొచ్చేది స్వల్పం. 2014లో ఇగ్నిషన్ స్విచ్ లోపంతో షెవ్రొలె కోబాల్ట్, శాటర్న్ అయాన్ వంటి 26 లక్షల కార్లను రీకాల్ చేసినప్పుడు ఈ గీత మళ్లీ చర్చకొచ్చింది. దివాలా తమను కాపాడుతుందని కంపెనీ వాదించింది. 2016లో అప్పీలు కోర్టు ఆ రక్షణను చాలావరకు తోసిపుచ్చింది. కంపెనీ పెట్టిన పరిహార నిధి 124 మరణాలకు ఆ లోపంతో సంబంధం ఉందని అంగీకరించింది.

అందుకని కొన్న రోజు నుంచే కాగితాలన్నీ ఒకచోట పెట్టండి: అమ్మకం ఒప్పందం, వారంటీ పుస్తకం, ప్రతి సర్వీసు బిల్లు, సర్కారు హామీ ప్రకటన ప్రతి. చిరునామా మారినప్పుడల్లా కంపెనీకి తెలియజేయండి, లేకపోతే రీకాల్ ఉత్తరం పాత ఇంటికి పోతుంది. పేరు మూతపడ్డ బ్రాండ్ అయితే ఏడాదికి రెండుసార్లు బండి విన్ నంబరును (17 అక్షరాలు, అంకెలతో ఉండే బండి గుర్తింపు సంఖ్య) అమెరికా రోడ్డు భద్రతా సంస్థ వెబ్‌సైట్‌లో వేసి చూడండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లు ఈ పని డబ్బు చెల్లించకముందే చేయాలి, మొదటి యజమాని చేయించని రీకాల్ ఏదైనా ఉంటే బయటపడుతుంది. ఆ రీకాల్ రిపేరుకు డీలర్ దగ్గర మీరు పైసా ఇవ్వక్కర్లేదు.